గంటలు లేని హెల్మెట్లు

పాస్టర్ గారు కళ్ళజోడు తీసి ప్రసంగపు బల్ల మీద పెట్టారంటే ఇక అమెరికన్ ఫుట్‌బాల్ మాట వస్తుందని షైలో చర్చిలో అందరికీ తెలుసు.

"నిన్న మన హెబ్రోన్ కాలేజీ పిల్లలు ఏం చేశారో దేవుడు చూశాడు. మీరూ చూశారు. లావాంట్, ఓసారి లేచి నిలబడు నాయనా."

మూడో వరసలో లావాంట్ క్రూస్ సిగ్గుపడుతూ లేచాడు. ఈ సీజన్‌లో బంతి పట్టుకుని ఆ కుర్రాడు పరిగెత్తినంత దూరం కాలేజీ చరిత్రలోనే ఎవరూ పరిగెత్తలేదట. ఆర్గాన్ వాయించే ఆవిడ అడగకుండానే నాలుగు స్వరాలు మోగించింది. చప్పట్లు మారుమోగాయి. వెర్నెల్ పెట్‌వే కూడా అరచేతులు మండేదాకా కొట్టింది. హెబ్రోన్ జట్టు బట్టలు ఉతికి, సామాను చూసే మనిషి తను. లావాంట్ చొక్కా మోచేతి దగ్గర పట్టిన ఎర్రమట్టిని శనివారం సాయంత్రం తన చేత్తోనే రుద్ది వదిలించింది. ఆ చప్పట్లలో తనకూ పిసరంత వాటా ఉందనుకుంది.

చప్పట్లు కొడుతూ వెనక్కి తిరిగి చూసింది. ఆఖరి బెంచీలో ఐదుగురు కూర్చుని ఉన్నారు. ముందు బెంచీలు వాళ్ళని మోయలేవని వాళ్ళే వెళ్ళి వెనక కూర్చుంటారు. వాళ్ళు జట్టులో ముందు లైను వాళ్ళు. బంతి పట్టుకునే పని వాళ్ళకి లేదు. ఎదుటివాళ్ళని అడ్డుకుని, తోసి, లావాంట్ దూరేంత సందు చేసి పెట్టడమే వాళ్ళ పని. ఐదుగురూ లావాంట్ వైపు చూసి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెంచిన పిల్లాడికి కొట్టినట్టు చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళని లేవమని పాస్టర్ గారు అనలేదు. అనాలని ఎవరికీ తోచినట్టూ లేదు.

"వెర్నెల్," అంది పక్కనే కూర్చున్న యూలాలీ మాబ్రీ. లైను మధ్యలో ఆడే రాస్కోకి నానమ్మ ఆవిడ. నలభై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ బట్టలు ఉతికిన చేతులు. వేళ్ళ కణుపులు ఇప్పుడు తెరుచుకోవు. "నిన్నో మాట అడగనా? దాచకుండా చెప్పాలి."

"అడుగు పెద్దమ్మా."

"మిగతా పిల్లల టోపీల మీద బంగారు గంటలు అంటించి ఉంటాయి కదా. మావాడి టోపీ మీద ఒక్కటీ లేదేం? నాలుగేళ్ళ నుంచీ చూస్తున్నా. వాడేమైనా తప్పు చేశాడా?"

"అయ్యో, తప్పేమీ లేదు."

"శనివారం ఆఖరి ఆట. ఆఖరి ఏడాది పిల్లలని ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిపిస్తారట కదా. నేనూ నడుస్తాను. ఊరంతా చూస్తుంది. వాడి తల మీద బోడి టోపీ ఉంటుంది." యూలాలీ రుమాలుతో ముక్కు తుడుచుకుంది. "వాణ్ణి అడిగితే నవ్వుతాడు. వాడు నవ్వాడంటే ఏదో మింగుతున్నాడని నాకు తెలుసు."

తర్వాతి పాటకి అందరూ లేచారు. ఆఖరి బెంచీ కూడా బరువు దిగినట్టు కిర్రుమంది. వెర్నెల్ నోరు పాడుతోంది కానీ మనసు పాటలో లేదు.

సామాను గదికి ఒక కిటికీ ఉంది. దాని అరుగు మీద పిల్లలు హెల్మెట్లు పెట్టి వెళ్తే వెర్నెల్ తీసుకుని అలమారలో సర్దుతుంది. ఇదివరకు తను పక్క గదిలో బట్టలు మాత్రమే ఉతికేది. సామాను చూసే ముసలాయన వేసవిలో చనిపోయాక ఈ గది తాళంచెవులు కూడా తన నడుముకే చేరాయి. హెల్మెట్ లోపలి మెత్తలకి గాలి కొట్టడం, ముఖం ముందు కమ్మీల మరలు బిగించడం, గడ్డం పట్టీలు మార్చడం ఈ సీజన్‌లోనే నేర్చుకుంది. మరకలు తీయడం మాత్రం ఆమెకి ఎవరూ నేర్పక్కర్లేదు.

సోమవారం పొద్దున హెడ్ కోచ్ స్టాల్‌వర్త్ వచ్చి, బాగా ఆడినందుకు ఎవరెవరి హెల్మెట్ మీద ఎన్ని గంటలు అంటించాలో చెప్పి వెళ్ళాడు. వెర్నెల్ ఒక్కో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని, స్పిరిట్‌తో తుడిచి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో కాస్త వేడి చేసి, గోరుతో అంచులు నొక్కుతూ కొండ మీది కాలేజీ గంట బొమ్మ ఉన్న బంగారు రంగు స్టిక్కర్లు అంటించింది. లావాంట్ హెల్మెట్ మీద ఇక చోటు లేదు. పాత గంటల మీద కొత్తవి ఎక్కించాల్సి వచ్చింది.

మధ్యాహ్నం కోచ్ మళ్ళీ అటుగా వెళ్తుంటే ఆపింది.

"కోచ్ గారూ, ఒక సందేహం. లైను పిల్లలకి గంటలు ఇవ్వరా?"

"వాళ్ళకి దేనికని ఇవ్వను వెర్నెల్ గారూ? పరుగైతే గజాలు లెక్కపెడతాం. బంతి పట్టుకుంటే అదో లెక్క. పడగొడితే అదో లెక్క. వాళ్ళు చేసేదాన్ని ఏమని లెక్కపెట్టను?"

"వాళ్ళు లేకపోతే ఈ లెక్కలన్నీ ఎక్కడివండీ?"

"నిజమే," అన్నాడు కోచ్. ఆయన మంచివాడే. "వాళ్ళెప్పుడూ అడగలేదు కూడా." అంతలో ఫోను మోగితే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

అడగనివాళ్ళకి ఇవ్వక్కర్లేదా అని వెర్నెల్‌కి అనిపించింది. అదే మాట ఆ సాయంత్రం వంటింట్లో భర్తతో అంది. క్లియోఫస్ చర్చిలో డీకన్, సంఘ పెద్దల్లో ఒకడు. మాట నెమ్మది. ఆవకూర ఆకులు తుంచుతూ విన్నాడు.

"నీ చేతిలో స్టిక్కర్లున్నాయి. కానీ అవి నీవి కావు వెర్నీ."

"ఇది ధర్మమా, అధర్మమా చెప్పండి డీకన్ గారూ. ఎవరివన్నది తర్వాత."

"ధర్మం కాదు. అయినా, ఆ పిల్లల మనసులో ఏముందో అడిగావా?"

"ముసలావిడ అడిగింది చాలదా?" అంటూ వెర్నెల్ పొయ్యి మీది మూత తీసింది.

గురువారం సాధన అయిపోయేసరికి కొండ మీద బ్యాండు పిల్లలు శనివారపు పాటలు వాయిస్తున్నారు. పెద్ద బాకాల మోత కిటికీ అద్దాలని అదిలిస్తోంది. లైను పిల్లలు ఐదుగురూ ఎప్పటిలాగే అందరికంటే వెనక వచ్చారు. మామూలుగా వెర్నెల్ గాలీ మరలూ చూస్తుంటే కిటికీ దగ్గరే నిలబడి, చూడటం కాగానే హెల్మెట్లు తీసుకుపోతారు. తుడవనివ్వరు. "మావి మేమే చూసుకుంటాం అత్తా" అంటారు. తనకి శ్రమ తగ్గిద్దామని అనుకునేది వెర్నెల్. ఈ మధ్య, బోడి హెల్మెట్లు గంటల హెల్మెట్ల పక్కన పెట్టడానికి నామోషీ పడుతున్నారేమో అని కూడా అనుమానం వచ్చింది.

"ఇవాళ ఉంచి వెళ్ళండి. ఆఖరి ఆట కదా, మెత్తలన్నీ విప్పి చూడాలి. రేపు తీసుకోండి," అంది.

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తుడవకత్తా," అన్నాడు రాస్కో. వాడి గొంతు వాడి ఒంటికి తగ్గది కాదు. చాలా మెత్తన. "ఊరికే శ్రమ పడకు."

"నా శ్రమ సంగతి నీకెందుకురా? వెళ్ళి అన్నం తినండి."

"అన్నం మాట ఎత్తావంటే టిబ్బీగాడు ఇక్కణ్ణించి ఇప్పుడే మాయమవుతాడు," అన్నాడు రాస్కో. ఎడమ పక్కన ఆడే టిబ్బీ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "కోడి వేపుడు అయిపోతే నీ చెయ్యే తింటాను రాస్కో, రా," అని అరిచాడు కింద నుంచి.

వాళ్ళు వెళ్ళాక వెర్నెల్ తలుపు వేసుకుంది. ఉతికిన తెల్లని తుండుగుడ్డ ఒకటి తీసుకుని, మరకలు తీసే మందు పోసి, రాస్కో హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది. ముదురు మెరూన్ రంగు. వెనక నున్నగా ఉంది. ముందు, నుదురు భాగం చూస్తే జాలేసింది. అంతా గీతలు. పచ్చవి, నారింజవి, ఊదావి, ఒకచోట పసుపుది బొటనవేలంత వెడల్పున. గోడకి రాసుకుపోయిన కారు తలుపులా ఉంది. ఇలాంటిది నెత్తిన పెట్టుకునా పిల్లాడు నానమ్మ చెయ్యి పట్టుకుని నడిచేది?

రుద్దింది. మందు ఘాటుకి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పచ్చగీత ముందు మొండికేసి, తర్వాత గుడ్డలోకి దిగింది. నారింజ తొందరగానే వదిలింది. ఊదాకి గోరు పెట్టాల్సి వచ్చింది. గుడ్డ తిప్పి తిప్పి ఐదు హెల్మెట్లూ తుడిచింది. మైనం పూసి మెరుగు పెట్టింది. దీపం వెలుగులో ఐదూ పండిన చెర్రీపళ్ళలా మెరిశాయి. అప్పుడు గంటల డబ్బా తెరిచి, ఒక్కో హెల్మెట్‌కి నుదుటి మధ్య ఒక్కో బంగారు గంట అంటించింది. అంటిస్తూ ప్రతి పిల్లాడి పేరూ చెప్పి చిన్న ప్రార్థన చేసింది.

ఇంటికి నడుస్తుంటే ఒళ్ళు తేలికగా ఉంది. రాత్రి భోజనం దగ్గర ఈ సంగతి క్లియోఫస్‌కి చెప్పలేదు. శనివారం ఆయనే చూస్తాడులే అనుకుంది.

శుక్రవారం కిటికీకి మొదట వచ్చినవాడు టిబ్బీ. వెర్నెల్ నవ్వు ఆపుకుంటూ హెల్మెట్ అరుగు మీద పెట్టింది.

"ఇది నాది కాదత్తా."

"నీదే. లోపల పేరు చూడు."

టిబ్బీ లోపల చూశాడు. బయటికి తిప్పాడు. నుదుటి మీద బొటనవేలితో రాశాడు, దుమ్ము కింద ఏదో ఉన్నట్టు. గంట వాడి కంట పడినట్టే లేదు.

"నా పచ్చగీత ఏదీ?"

"ఏం గీత?"

"ఇక్కడ ఉండాలి. పచ్చది." వాడి గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "క్లేబోర్న్ కాలేజీ వాళ్ళ పెద్దోడిదత్తా. మా ఇంటి గుమ్మంలో కూడా పట్టడు వాడు. ఆటంతా నన్ను తొక్కి నారతీశాడు. ఆఖర్న ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వాణ్ణి వెల్లకిలా పడేశాను. వాడి పచ్చ హెల్మెట్ నా నుదుటికి రాసుకుని అంటిన గీతది."

తక్కినవాళ్ళు వచ్చారు. ఎవరి హెల్మెట్ వాళ్ళు తీసుకున్నారు. ఒకడు కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెర్నెల్ చేతులు అరుగు మీదే ఉండిపోయాయి.

"అవి మరకలనుకున్నానురా," అంది.

"గంట కోచ్ ఇస్తాడత్తా," అన్నాడు టిబ్బీ. "గీత ఎదుటివాడే ఇవ్వాలి. వాడు ఊరికే ఇవ్వడు. మాకు ముందు ఆడినవాళ్ళ దగ్గర్నించీ ఉన్న పద్ధతిది. సీజన్ అంతా తుడవం. ఆఖరి ఆట అయ్యాక ఐదుగురం కూర్చుని, ఏ గీత ఎవడిదో చెప్పుకుంటాం. ఎవరికి ఎక్కువుంటే వాడికి మిగతా నలుగురూ..."

"టిబ్బీ. చాలు," అన్నాడు రాస్కో.

"నేనేం తిట్టట్లేదుగా."

"అత్త మన మంచి కోరి చేసింది. నిన్న మనమే విడమరిచి చెప్పాల్సింది. చెప్పలేదు." రాస్కో తన హెల్మెట్‌ని వెలుగులోకి ఎత్తాడు. "బాగా మెరుస్తోందత్తా. థాంక్యూ." నవ్వాడు. వాడు నవ్వాడంటే ఏదో మింగుతున్నాడని ఆ ముసలావిడ అన్న మాట వెర్నెల్‌కి గుర్తొచ్చింది.

అప్పుడే వరండాలోంచి కోచ్ వచ్చాడు. వెనక లావాంట్, ఇంకొందరు. కోచ్ కళ్ళు నేరుగా గంటల మీద పడ్డాయి.

"ఇవెక్కడివి? నేను చెప్పలేదే?"

వెర్నెల్ నోరు తెరిచేలోగా రాస్కో అన్నాడు, "మేమే అడిగాం కోచ్. రేపు మా నానమ్మ వస్తోంది."

కోచ్ అతణ్ణి ఎగాదిగా చూశాడు. "నన్ను అడగొచ్చుగా," అన్నాడు. వెనక నుంచి లావాంట్ నవ్వాడు. వాడి నవ్వులో విషం లేదు కానీ గట్టిగా నవ్వాడు. "నాలుగేళ్ళు మాకవి వద్దు అని గొప్పలు పోయి, ఆఖరి వారంలో అడుక్కున్నార్రా? చెబితే నా హెల్మెట్ మీంచి రెండు పీకి ఇచ్చేవాణ్ణి కదా."

టిబ్బీ అటు ఒక్క అడుగు వేశాడు. రాస్కో వాడి భుజం మీద చెయ్యి వేసి, "పద," అన్నాడు. ఐదుగురూ మెరిసే హెల్మెట్లు చంకలో పెట్టుకుని మైదానం వైపు నడిచారు. గంటలు లోపలికి ఉండేలా ఒంటికి ఆనించి పట్టుకున్నారు.

వెర్నెల్ ఎత్తుపీట మీద కూర్చుంది. తన పరువు నిలపడానికి ఆ పిల్లలు తమది పోగొట్టుకున్నారు. ప్రభూ, మంచే కదా తలపెట్టాను, అని మనసులో అనుకుంది. ఆ ప్రశ్న తన దగ్గరికే తిరిగి వచ్చి కూర్చున్నట్టయింది. ఎవరి మంచి? వాళ్ళని అడిగిందా?

ఏప్రన్ విప్పి, కోచ్ గదికి వెళ్ళి తలుపు తట్టింది.

"ఆ పిల్లలు అడగలేదండీ. నేనే అంటించాను. మీకు చెప్పకుండా తీశాను. రాస్కో నా కోసం అబద్ధమాడాడు." గీతల సంగతి కూడా చెప్పింది.

కోచ్ చేతిలో పెన్సిలు తిప్పాడు.

"నేనీ కాలేజీలోనే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాను వెర్నెల్ గారూ. సెంటర్ వాడు కాళ్ళ సందులోంచి బంతి అందిస్తే తీసుకునేవాణ్ణి. నాలుగేళ్ళు లైనువాళ్ళ వీపుల వెనకే నిలబడ్డాను. వెనక నుంచి చూసేవాడికి హెల్మెట్ ముందు ఏముంటుందో కనపడదు." పెన్సిలు కింద పెట్టాడు. "గంటలు తీసెయ్యమంటారా?"

"అది వాళ్ళిష్టమండీ. ఈసారి వాళ్ళనే అడగండి."

తిరిగి వచ్చేసరికి ఉతికే యంత్రం మొదటి వాయికి సిద్ధంగా ఉంది. బుట్టలో గుడ్డలన్నీ యంత్రంలోకి కుమ్మరించబోతూ ఆగింది. పైనే ఉంది నిన్నటి తుండుగుడ్డ. తీసి వెలుతురులో విప్పింది. పచ్చ, నారింజ, ఊదా, పసుపు. ఒకదాంట్లోకి ఒకటి ఒరుసుకుని, అయినా దేనికదే తెలుస్తూ. సీజన్ అంతా దాని మీదే ఉంది. వెర్నెల్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో జరిగిందంతా చెబితే క్లియోఫస్ 'నేను ముందే అన్నాను' అనలేదు. గుడ్డని బల్ల మీద పరిచి, ఒక్కో రంగునీ వేలితో చూపిస్తూ, ఏది ఏ కాలేజీదో తనకి తెలిసినంత మటుకు చెప్పాడు.

శనివారం పొద్దుటినుంచే మైదానం చుట్టూ పొగ. మాంసం కాలుస్తున్న పొయ్యిలు, చేపలు వేగుతున్న నూనె, పాత కుర్చీల్లో పాత విద్యార్థులు. వచ్చింది గిలియడ్ జట్టు. తెల్ల హెల్మెట్లు, వాటికి నీలం కమ్మీలు, నీలం చొక్కాలు. ఏటేటా ఆఖరి ఆట వాళ్ళతోనే. గిలియడ్ మీద గెలవని సీజన్‌ని హెబ్రోన్‌లో ఎవరూ సీజన్ అనరు.

బట్టలు మార్చుకునే గది వెనక తలుపు దగ్గర వెర్నెల్ రాస్కోని పిలిచింది. వాడితో పాటు నలుగురూ వచ్చారు. నలుగురి హెల్మెట్ల మీదా గంటలు లేవు. రాస్కో హెల్మెట్ మీద మాత్రమే గంట ఉంది.

"నానమ్మ నడిచాక తీసేస్తానత్తా," అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"తీసినా ఉంచినా నీ ఇష్టం." జేబులోంచి గుడ్డ తీసింది. "నేను తుడిచినవి మళ్ళీ అంటించలేనురా. కానీ ఉతకలేదు. ఇదిగో."

రాస్కో మెట్టు మీద కూర్చుని దాన్ని తొడ మీద పరిచాడు. ఐదు పెద్ద తలలు దాని మీదకి వంగాయి.

"ఇదే నాది. క్లేబోర్న్ పచ్చ."

"ఏడిశావ్, అది నాది. నీది ఇంత లావు లేదు."

"నారింజ ఎవడిది?"

"అందరిదీ. ఆ రోజు ఐదుగురినీ కుమ్మారుగా."

టిబ్బీ నవ్వాడు. శుక్రవారం పోయిన నవ్వు అప్పుడు తిరిగొచ్చింది.

లైను మధ్యలో ఆడే సెంటర్ వాడి నడుముకి వెనక ఒక తువ్వాలు వేలాడుతుంది. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకునే ముందు చేతి తడి దానికే తుడుచుకుంటాడు. రాస్కో నడుముకి ఉన్న కొత్త తెల్ల తువ్వాలు లాగి వెర్నెల్ చేతిలో పెట్టి, ఆ రంగుల గుడ్డని అక్కడ దోపుకున్నాడు.

"రెఫరీ ఒప్పుకోడురా," అన్నాడు టిబ్బీ.

"చూద్దాం."

ఆఖరి ఏడాది పిల్లల నడక మొదలైంది. యూలాలీ మాబ్రీ ఆదివారపు టోపీ పెట్టుకుని, మనవడి మోచెయ్యి పట్టుకుని గడ్డి మీద నడిచింది. మధ్య గీత దగ్గర ఆగి, రాస్కోని వంగమని, గంటని వేలితో తడిమింది. చప్పట్లు కొట్టేవాళ్ళందరికీ చూపించాలని అటూ ఇటూ తిరిగి చూసింది. అప్పుడే వాడి వెనక గుడ్డ కంటబడింది.

"ఒరేయ్. ఈ మాసిన గుడ్డేంట్రా, ఇవాళ కూడా?"

"ఆట అయ్యాక చెప్తా నానమ్మా."

"సిగ్గులేదు," అంది. అయినా మోచెయ్యి వదల్లేదు.

రెఫరీ కూడా ఆపాడు. గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తాడు. "తెల్లది కట్టుకోవాలి కదా. రంగులు పనికిరావు."

"తెల్లదేనండీ," అన్నాడు రాస్కో. "అవి రంగులు కావు, మురికి."

"ఏం మురికి?"

"ఈ సీజన్ మురికండీ."

రెఫరీ జుట్టు నెరిసిన మనిషి. మెడ పొట్టి, భుజాలు వెడల్పు. తన రోజుల్లో ఆయన ఏ స్థానంలో ఆడాడో అడగక్కర్లేదు. గుడ్డని ఇంకోసారి తిప్పి చూసి, వదిలేసి, ఈల నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

వెర్నెల్ ఎప్పుడూ మైదానం అంచు గీత పక్కన నీళ్ళ సీసాల దగ్గర నిలబడి బంతినే చూసేది. ఆ రోజు బంతి ఎక్కడుందో ఆమెకి తెలియలేదు. ఐదుగురినే చూసింది. వేళ్ళు నేల మీద ఆన్చి వంగడం. రాస్కో తల తిప్పకుండా ఎడమకి ఏదో అనడం, టిబ్బీ కుడికి అనడం. బంతి వెనక్కి వెళ్ళీ వెళ్ళకముందే రాస్కో రెండు చేతులూ ఎదుటివాడి రొమ్ము మీద ఉండటం. హెల్మెట్ మీద హెల్మెట్ తగిలిన చప్పుడు. పడ్డవాడు లేవడం, ఇంకొకణ్ణి లేపడం, మళ్ళీ వెళ్ళి వంగడం. జనం అరిచేది ఆ తర్వాత, వాళ్ళ వెనక ఎక్కడో జరిగే దానికి.

ఆట ఆఖరి పావు భాగంలో హెబ్రోన్ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. బంతి తమ గోల్ దగ్గర. బంతితో ఎదుటివాళ్ళ గోల్ గీత దాటితే ఆరు పాయింట్లు, కానీ ముందున్నది మైదానమంత దూరం. కోచ్ లావాంట్‌ని పిలిచి ఏదో చెప్పబోయి, ఆగి, రాస్కో వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. ఎటు వెళ్దాం?"

కోచ్ అలా అడగడం వెర్నెల్ ఎన్నడూ వినలేదు. రాస్కో చెయ్యి చాపి చూపించాడు.

"ఎడమకి. టిబ్బీ వెనకాల. ప్రతిసారీ."

"వాళ్ళకి తెలిసిపోతుంది."

"తెలియనివ్వండి కోచ్."

రెండో పరుగుకే గిలియడ్ వాళ్ళకి తెలిసిపోయింది. మనుషులని అటే పోగుచేశారు. అయినా ఎడమకే. మూడు గజాలు. నాలుగు. మళ్ళీ మూడు. ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ వచ్చి ఆ గుడ్డకి చేతులు తుడుచుకుంటున్నాడు. ప్రతిసారీ రంగుల మీద ఎర్రమట్టి ఒక పొర ఎక్కుతోంది. బ్యాండులో పెద్ద బాకాల పిల్లలు వాయించడం ఆపి నిలబడ్డారు. డప్పులు ఒక్కటే మోగుతున్నాయి. పక్కకి వచ్చి నిలబడ్డ క్లియోఫస్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గోల్ గీత దగ్గర ఆఖరిసారి. ఐదుగురూ వంగారు. వెర్నెల్ కళ్ళు మూసుకోలేదు. తెల్ల హెల్మెట్ల గోడ ఒక్క క్షణం నిలిచింది. తర్వాత మధ్యలో, గట్టు తెగినప్పటిలా మెల్లగా వెనక్కి వంగింది. రాస్కో, టిబ్బీ, వాళ్ళ కింద ఇద్దరు గిలియడ్ వాళ్ళు, అందరూ కలిసి గీత అవతల పడ్డారు. వాళ్ళ వీపుల మీంచి లావాంట్ నడుచుకుంటూ వెళ్ళినంత తేలికగా దాటాడు.

లావాంట్ బంతిని ఆకాశంలోకి విసరలేదు. లేస్తున్న రాస్కో చేతుల్లో పెట్టాడు. రాస్కో దాన్ని అటూ ఇటూ చూసి, ఏం చేయాలో తోచక, చొక్కాకి మట్టి తుడిచి రెఫరీకి మర్యాదగా అందించాడు. జనం నవ్వారు, ఏడ్చారు. కొండ మీద కాలేజీ గంట గెలుపు చాటుతూ మోగడం మొదలైంది.

సాయంత్రం, పొయ్యిల పొగ పలచబడ్డాక, రాస్కో నానమ్మని వెంటబెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు. మిగతా నలుగురూ వెనకే. హెల్మెట్ అరుగు మీద పెట్టాడు. నుదురంతా తెల్లగీతలు, నీలం గీతలు. గంట సగం చిరిగిపోయి ఉంది. చిరిగిన చోట అరచెయ్యంత తెల్లరంగు అంటుకుని ఉంది.

"గంట పాడైపోయిందే," అంది యూలాలీ.

"పోనీ నానమ్మా. ఇది చూడు." నడుము నుంచి గుడ్డ తీసి ఆమె చేతిలో పరిచాడు. ఏ రంగు ఏ ఊళ్ళో అంటిందో, ఎవరు ఎవర్ని ఎక్కడ పడేశారో చెప్పాడు. వాడు మరిచిపోయినవి టిబ్బీ అందించాడు. టిబ్బీ అబద్ధాలు కలిపినప్పుడల్లా మిగతా ముగ్గురూ అరిచారు. యూలాలీ ఒక్క మాట అడ్డం రాకుండా విన్నది. వింటూ, తెరుచుకోని వేళ్ళతో ఒక్కో రంగునీ తాకింది.

అంతా అయ్యాక ఆ గుడ్డని అంచుకి అంచు కలిపి, ఇస్త్రీ చొక్కా మడిచినట్టు నాలుగు మడతలు వేసి, చేతిసంచిలో బైబిలు పక్కన పెట్టుకుంది.

"ఉతికేవు పెద్దమ్మా, జాగ్రత్త," అన్నాడు టిబ్బీ.

"నలభై ఏళ్ళు ఊరందరి బట్టలూ ఉతికాన్రా. ఏది ఉతకకూడదో నాకు నువ్వు చెప్పాలా?"

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళారు. వెర్నెల్ ఐదు హెల్మెట్లూ అలమారలో పై అరలో పెట్టింది, నుదుళ్ళు బయటికి కనిపించేలా. కిటికీ దగ్గర చప్పుడైతే తిరిగి చూసింది. లావాంట్ తన హెల్మెట్ తెచ్చి అరుగు మీద పెడుతున్నాడు. బంగారు గంటల మధ్య మెరూన్ రంగు కనిపించడమే కష్టం.

వెర్నెల్ అలవాటుగా స్పిరిట్ సీసా అందుకుంది. మూత మీద చెయ్యి ఆగింది.

"తుడవమంటావా నాయనా?"

లావాంట్ తల ఎత్తాడు. పై అర వైపు చూశాడు. తర్వాత హెల్మెట్ మళ్ళీ చేతిలోకి తీసుకుని, దీపం కిందకి జరిగి, గంటల సందుల్లో ఎక్కడైనా ఒక గీత దొరుకుతుందేమోనని మెల్లగా తిప్పుతూ వెతకసాగాడు. వెర్నెల్ సీసా కింద పెట్టి, వాడు చూసుకునేదాకా ఆగింది.